ముక్కంటి మిషను

ఆదివారం పొద్దున పదకొండు దాటితే తిరుపతిలో ధనశేఖర్ కొట్టు ముందు గడ్డాలు వరసకట్టేవి. ఒక్కో గడ్డం చేతిలో ఒక్కో అట్టపెట్టె, పెట్టెలో మూడు గుండ్రటి తలలున్న షేవింగ్ మిషను. శ్రీకాళహస్తి పక్కనే ఉన్న ఊరు కాబట్టి ఎవరో దానికి ముక్కంటి అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

"ఏమప్పా, మీ ముక్కంటి కొరకతా ఉండాది," అనేవాడొకడు.

"గీకేది తక్కువ, పీకేది ఎక్కువ," అనేవాడింకొకడు.

"మా ఇంట్లో ఆడోళ్లు కోడి ఈకలు పీకేదానికి అడగతా ఉండారు, ఇచ్చేస్తా," అని మూడోవాడంటే అందరూ నవ్వేవాళ్లు.

కౌంటరు చివర ఎత్తు స్టూలు మీద కూర్చున్న మునికృష్ణ మాత్రం నవ్వేవాడు కాదు. మిషన్లు ఒక్కొక్కటే అందుకుని, తల విప్పి, లోపల చూసి, ఎదురుగా ఉన్న గడ్డాన్ని చూసేవాడు. చూడగానే సంగతి తెలిసిపోయేది.

మునికృష్ణకు ముప్పైమూడేళ్లు. నగరిలో పదో తరగతి తప్పి, మరమగ్గాల రొద భరించలేక తిరుపతి బస్సెక్కిన మనిషి. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు విప్పీ బిగించీ పని నేర్చుకున్నాడు. ధనశేఖర్ దగ్గర చేరి తొమ్మిదేళ్లయింది. చవకరకం మూడు తలల మిషన్లు కొట్లోకి వచ్చిన కొత్తలో, దాంతోపాటు ఇచ్చే కాగితం ఇంగ్లీషులోనూ చైనా భాషలోనూ ఉండేది. అది మడిచి పక్కన పెట్టి, నెలరోజులు తన చెంప మీదే ప్రయోగం చేశాడు. చెంప మండింది, ఎర్రబడింది, చివరికి అలవాటు పడింది. ఆ నెలలో అతనికి తెలిసిన విషయాలు ఆ కాగితంలో ఏ భాషలోనూ లేవు.

మొదటిది, ఈ మిషనుకు రోజూ గీసే గడ్డం కావాలి. మన ఊళ్లలో శుక్రవారం గడ్డం గీయరు. శనివారం స్వామివారం, అసలే గీయరు. మంగళవారం సరేసరి. గురువారం బద్ధకించినవాడు ఆదివారం నాటికి నాలుగురోజుల గడ్డంతో లేస్తాడు. బ్లేడుకు అదొక లెక్క కాదు. ముక్కంటికి మాత్రం ప్రాణసంకటం. దాని జాలీ చీలికల్లోకి పొట్టి వెంట్రుక నిలువుగా దూరితేనే లోపల తిరిగే కత్తి కోస్తుంది. పొడుగు వెంట్రుక పక్కకు వాలిపోయి చీలికలో ఇరుక్కుంటుంది. కత్తి దాన్ని కోయలేక లాగుతుంది. అందుకే సోమవారం కొన్నవాడు బుధ, గురువారాల్లో సంతోషంగా ఉండి, ఆదివారం తిట్టుకుంటూ వచ్చేవాడు. మిషను చేసినవాళ్లకు మన వారాలు తెలియవు. కొన్నవాళ్లకు మిషను తెలియదు.

రెండోది ఇంకా సూక్ష్మం. మూడు తలల్లో ప్రతి కత్తీ తన పైనున్న జాలీతో రాసుకుని, దానితో కలిసి అరుగుతుంది. శుభ్రం చేద్దామని మూడింటినీ విప్పి కుప్పపోసి, ఏది దేనిదో మరిచి బిగిస్తే ఇక అది వేడెక్కుతుంది, కొరుకుతుంది. ఇది మునికృష్ణకు తట్టడానికి కారణం వాళ్ల నాయన. రాజారత్నం ముప్పైయేళ్లు మరమగ్గం నడిపినవాడు. ఒక మగ్గంలో అటూఇటూ దారం మోసి అరిగిన నాడెను ఇంకో మగ్గంలో వేస్తే దారం తెంపుతుందని, కలిసి అరిగినవి కలిసే ఉండాలని, పదేళ్ల కొడుకు చేతికి నాడె ఇచ్చి అంచులు తడిమించి చెప్పాడు.

అందుకని మునికృష్ణ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మిషను చేతికి రాగానే, తల తెరిచి, కత్తులూ జాలీలూ విడదీయకముందే, లోపలివైపు ఎర్రటి గోళ్లరంగుతో చుక్కలు పెట్టేవాడు. మొదటి కత్తికీ దాని జాలీకీ ఒక చుక్క, రెండో జతకు రెండు, మూడో జతకు మూడు. తర్వాతే విప్పి, బ్రష్షుతో దులిపి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక్కో బొట్టు వేసి, చుక్కకు చుక్క కలిపి బిగించేవాడు. పని అయ్యాక ఆ మిషను చేసే చప్పుడు వేరుగా ఉండేది. తుమ్మెద దూరంగా ఎగురుతున్నట్టు సన్నగా, ఒకే శ్రుతిలో. ఆ చప్పుడు విని ధనశేఖర్ కౌంటరు అవతలి నుంచే, "మా ముని చెయ్యి పడింది," అనేవాడు. ఆ మాట వినడానికే మునికృష్ణ ఇంకొంచెం బాగా చేసేవాడు. పొగడ్తకు ఆకలిగా ఉన్నవాణ్ని పొగడ్తతోనే కట్టేయొచ్చని ధనశేఖర్‌కు బాగా తెలుసు.

ఒకసారి మునికృష్ణ తెల్లకాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి కొట్లో గోడకు అతికించాడు. మూడురోజులు దాటిన గడ్డాన్ని ముందు కత్తెరతో పొట్టిగా చేసుకోండి. మొహం పొడిగా ఉన్నప్పుడే గీసుకోండి. కొంచెం పౌడరు రాసుకుంటే జారుతుంది. ఒక చేత్తో చర్మాన్ని లాగిపట్టి, మిషనును చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి, అదిమిపెట్టకండి. కొళాయి కింద కడగకండి. దుమ్ము రాల్చడానికి సింకు అంచుకేసి కొట్టకండి, జాలీ వంగిపోతుంది. రెండువారాలు ఓర్చుకోండి, చర్మం అలవాటు పడుతుంది.

రెండోరోజుకు ఆ కాగితం లేదు.

"గోడకు పెయింటింగ్ ఏసిండేది మొన్ననే గదబ్బా, పాడైపోతుందని తీసేసినా," అన్నాడు ధనశేఖర్. "నువ్వు నోటితో చెప్తాండావు గదా, సాల్లే. నీ నోటికి మించిన కాగితముంటుందా?"

మునికృష్ణకు అది కూడా పొగడ్తే అనిపించింది.

తిరిగొచ్చిన మిషన్లలో సగం మునికృష్ణ బాగుచేసి ఇచ్చేసేవాడు. ఇంకో సగం జనం తీసుకునేవాళ్లు కాదు, వేరేది ఇవ్వమని గొడవపడేవాళ్లు. ధనశేఖర్ ఒక్క మాట అనకుండా కొత్త పెట్టె తీసి ఇచ్చేవాడు. అందువల్లే కొట్టుకు మంచిపేరు. పాతవాటిని శుభ్రం చేసి పెట్టమని మునికృష్ణకు చెప్పేవాడు. "మురికిగా ఉంటే కంపెనీవాళ్లు వెనక్కి తీసుకోరప్పా. శుభ్రంగా ఉండాల." మునికృష్ణ శుభ్రం చేసినవన్నీ మేడమీది గదికి పోయేవి. అక్కడినుంచి కంపెనీకి పోతాయని అతను అనుకున్నాడు. అప్పుడప్పుడు చేతికొచ్చిన మిషనులో ముందే ఎర్రచుక్కలు కనపడితే, తను బాగుచేసి ఇచ్చిందే మళ్లీ వచ్చిందనుకునేవాడు. పోయేటప్పుడు తను ఒక్కసారీ చూడలేదన్న సంగతి అతనికి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

మాఘమాసంలో ఒక ఆదివారం రేణిగుంట నుంచి లోకేష్ అని ఒక టెంపో డ్రైవరు వచ్చి మిషను పడేసిపోయాడు. ఆ రోజు ఎర్రరంగు సీసా ఎండిపోయింది. మునికృష్ణ భోజనానికి ఇంటికెళ్లి, భార్య హేమశ్రీ అలమారాలోంచి వంకాయరంగు సీసా తీసుకొచ్చాడు. ఆ రంగుతో చుక్కలు పెట్టింది ఆ ఒక్క మిషనుకే. ఎందుకంటే సాయంత్రం హేమశ్రీ సీసా వెనక్కి లాక్కుంది.

"మా అక్క పెండ్లికని కొనుక్కున్న రంగు మామా! మీ గడ్డాల మిషన్లకు పూస్తావా? రేపు నా చీర తీసకపోయి తుడుస్తావేమో."

మర్నాడు లోకేష్ వచ్చి మిషను వద్దన్నాడు. మెడకు చుట్టుకున్న తువ్వాలు తీసి చూపించాడు. గడ్డం కింద రూపాయిబిళ్లంత ఎర్రటి వలయాలు మూడు, అంచులు పొట్టు లేచి ఉన్నాయి.

"సూడన్నా, మీ మిషను చేసిన పని."

అది మిషను చేసిన పని కాదని, అంతకుముందే ఉన్న తామర అని మునికృష్ణకు చూడగానే తెలిసింది. ధనశేఖర్ మాత్రం కొత్త పెట్టె తీసి ఇచ్చి పంపించాడు. లోకేష్ వెళ్లాక మునికృష్ణ అన్నాడు, "అన్నా, ఇది కంపెనీకి కూడా పంపొద్దు. ఆయప్పకు తామరుండాది. స్పిరిట్‌తో తుడిచినా, అయినా నాకు నమ్మకం లేదు. పారేయ్."

"అట్లనా? పారేస్తాలేప్పా," అన్నాడు ధనశేఖర్.

ఎండాకాలం మొదట్లో నగరిలో రాజారత్నానికి గుండెనొప్పి వచ్చింది. తిరుపతికి తెచ్చి స్టెంటు వేయించారు. ఆసుపత్రి వరండాలో మూడురోజులు మునికృష్ణ పక్కన కూర్చున్నది ధనశేఖరే. ఇంటినుంచి క్యారియరు తెప్పించి తినిపించాడు. "మీ నాయన నాకు నాయన కాదా?" అన్నాడు. మునికృష్ణ ఆ వరండాలో తల వంచుకుని ఏడ్చాడు. మనిషి లోపలున్నది ఏడుపులో బయటపడుతుందంటారు. ఎదుటివాడి లోపలున్నది మాత్రం కనపడదు.

రక్తం పలచబడే మాత్రలిచ్చి ఇంటికి పంపారు. నెలరోజులకు రాజారత్నం బ్లేడుతో గడ్డం గీసుకుంటుంటే దవడ కింద చిన్న గాటు పడింది. మామూలుగా అయితే పటిక రాస్తే ఆగిపోయేది. ఆ రోజు తువ్వాలు తడిసిపోయింది. ఇంకో తువ్వాలూ తడిసింది. తల్లి జ్ఞానాంబ ఫోనులో అరిచిన అరుపుకు మునికృష్ణ చేతిలోని మిక్సీ జారిపడింది. డాక్టరు తిట్టాడు. ఇకపై బ్లేడు ముట్టుకోవద్దు, కరెంటు మిషను వాడమన్నాడు.

సమస్య అక్కడే వచ్చింది. రాజారత్నం మిషను పేరు చెబితేనే మొహం తిప్పుకునేవాడు. పాతికేళ్ల వయసులో క్షౌరశాల కత్తివల్ల ఆయన గడ్డంలోకి తామర దిగింది. రెండేళ్లు పీడించింది. ఎడమ దవడ మీద అరచేయంత చోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు. అప్పటినుంచి ఆయన క్షౌరశాలకు వెళ్లినా తన కత్తి తనే సంచిలో పెట్టుకెళ్లేవాడు. కొడుకుది కూడా వాడేవాడు కాదు.

"ఇంకొకరి మొగం మీద పారింది నా మొగానికి తగలకూడదప్పా," అన్నాడు కొడుకుతో. "నేను సచ్చినా సరే. ఆ బాధ నీకు తెలీదు."

"కొత్తది తెస్తా నాయనా. సీలుతో ఉండేది."

"నువ్వు సూసి తెస్తావా?"

"నేనే తెస్తా."

మునికృష్ణ అడిగీ అడగకముందే ధనశేఖర్ మేడ మీదికి వెళ్లి పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. మూతమీద గుండ్రటి వెండిరంగు సీలు తళతళలాడుతోంది. డబ్బు తీసుకోలేదు. "నా తరఫున నాయనకు," అన్నాడు. "నువ్వు దగ్గరుండి నేర్పించు. నీకంటే నేర్పేవాళ్లెవురుండారు?"

నగరిలో, వీధి అరుగు మీద, నాయన చూస్తుండగా మునికృష్ణ గోటితో సీలు చించాడు. రాజారత్నం పెట్టె వాసన చూశాడు. మిషను అటూఇటూ తిప్పి చూశాడు. కొడుకు మొహం చూశాడు. సరేనన్నట్టు తల ఊపాడు.

"సున్నాలు సుట్టినట్ట తిప్పు నాయనా. గీతలు గీసినట్ట కాదు."

"నేనేమైనా బడికి పోయినానా సున్నాలు సుట్టేదానికి?"

"రోజూ గీసుకోవాల. శుక్రవారం, శనివారం కూడా. దీనికి కత్తి కనపడదు గదా, పట్టింపు లేదులే."

రాజారత్నం మిషను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "కనపడదు సరే. లోపల తిరిగేదేందిరా మరి, కవ్వమా? కత్తి కత్తే. శనివారం నేను గీయను." అరుగు కింద నిలబడ్డ జ్ఞానాంబ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "దేవుడు నీ గడ్డం సూసుకుంటా కూసున్నాడు పాపం, వేరే పనిలేక," అంది. చివరికి ఆదివారం ముందు కత్తెరతో పొట్టిగా చేసుకుని, తర్వాత మిషను పెట్టుకునేట్టు రాజీ కుదిరింది. పైపైన బ్రష్షుతో దులుపుకోవడం నేర్పి, తల మాత్రం విప్పొద్దని, నెలకొకసారి తనే వచ్చి విప్పి శుభ్రం చేస్తానని చెప్పి మునికృష్ణ బస్సెక్కాడు. రక్తం పడకుండా నాయన మొహం నున్నగా అయిన ఆ పూట, అతని తొమ్మిదేళ్ల పనికీ ఒక అర్థం దొరికినట్టయింది.

నెలలో వెళ్లడం కుదరలేదు. నెలా పదిరోజులకు ఒక బుధవారం వెళ్లాడు. రాజారత్నం అరుగు మీద కూర్చుని మెడ గోక్కుంటున్నాడు.

"చెమటకాయలేమోలే," అన్నాడు.

మునికృష్ణ గడ్డం ఎత్తి చూశాడు. చెమటకాయలు కాదు. ఎర్రటి వలయం, అంచు పొట్టు లేచి ఉంది. దాని పక్కన చిన్నది ఇంకొకటి.

"మిషను ఎవురికన్నా ఇచ్చినావా నాయనా?"

"నా మిషను నేనెవురికిస్తాను రా?"

మునికృష్ణ లోపలికెళ్లి గూట్లోని మిషను తెచ్చి, కిటికీ వెలుగులో నిలబడి, అలవాటుగా తల విప్పాడు. చుక్కలు పెట్టడానికి జేబులోంచి ఎర్రరంగు సీసా కూడా తీశాడు. కానీ అందులో ముందే చుక్కలున్నాయి.

ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు. వంకాయరంగు.

సీసా మూత తిప్పిన వేళ్లు అలాగే ఉండిపోయాయి. ముందుగా అతనికి వచ్చిన ఆలోచన చాలా తెలివితక్కువది: హేమశ్రీ ఎప్పుడు పెట్టింది ఇవి? తర్వాత రేణిగుంట డ్రైవరు తువ్వాలు తీసిన మెడ కళ్లముందు కనబడింది. ఆ తర్వాత మేడమీది గది కనబడింది. ఆ తర్వాత తన చేత్తో చించిన వెండిరంగు సీలు.

"ఏముండాదప్పా లోపల?" అరుగు మీదినుంచి అడిగాడు నాయన.

"ఏం లేదు నాయనా. మురికి," అన్నాడు మునికృష్ణ. మిషను జేబులో వేసుకున్నాడు. "బాగుచేసి తెస్తా. అందాకా ఏమీ గీసుకోవద్దు." మందుల షాపులో పూతమందు కొనిచ్చి, అన్నం కూడా తినకుండా తిరుపతి బస్సెక్కాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పుత్తూరు దాటేదాకా తొమ్మిదేళ్లను తిరగేశాడు. తను శుభ్రం చేసి పంపితే, మేడమీద కొత్త సీలు అతికించుకుని కిందికి దిగినవి ఎన్ని వందలో అతనికి తెలియదు. ఎన్ని పెట్టెలు తన చేత్తో విప్పి "కొత్తది సార్, చూడండి" అన్నాడో కూడా తెలియదు. గోడ మీది కాగితం ఎందుకు మాయమైందో మాత్రం ఇప్పుడు తెలిసింది. జనం సరిగ్గా వాడుకుంటే మిషన్లు తిరిగిరావు. తిరిగిరాకపోతే, పైసా ఖర్చు లేకుండా పెట్టె మార్చి ఇచ్చి తెచ్చుకునే మంచిపేరూ ఉండదు, మేడమీది గదికి మేతా ఉండదు.

మర్నాడు పొద్దున కొట్లో ధనశేఖర్ దేవుడి పటానికి అగరబత్తి తిప్పుతున్నాడు. మునికృష్ణ విప్పిన తలను కౌంటరు మీద బోర్లా పెట్టాడు.

"అన్నా, ఇది సూడు."

ధనశేఖర్ అగరబత్తి గుచ్చి, కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "ఏంది, రంగా?"

"నేను పెట్టిన చుక్కలు. రేణిగుంట లోకేష్ మిషను. పారేయమంటి గదా నీకు."

ధనశేఖర్ మొహంలో ఏమీ మారలేదు. వీధివైపు ఒకసారి చూశాడు. "ఎవురికైనా చెప్పినావా?"

"లేదు."

"మంచిపని చేసినావు. కూసో. టీ చెప్తా."

"మా నాయన మెడమీద తామర లేచిందన్నా."

"అయ్యయ్యో," అన్నాడు ధనశేఖర్. నిజంగానే బాధపడ్డాడు. అదే మునికృష్ణకు భరించరానిది అయింది. "తెలిసి ఇస్తానా మునీ? మీ నాయనకు నేను తెలిసి ఇస్తానా చెప్పు? పైకి పోయినా, చేతికందిన డబ్బా తెచ్చినా. అన్నీ ఒకే మాదిరుంటాయి గదా. ఏది కొత్తదో ఏది పాతదో నాకు మాత్రం ఎట్ల తెలుస్తుందబ్బా?"

"అంటే నీకు కూడా తెలీదు."

"తెలిసేదేముండాది? కడిగిందెవురు? నువ్వే గదా. నువ్వు కడిగినాక కొత్తదానికీ దానికీ తేడా ఏముంటుంది? నీ పనిమీద నీకే నమ్మకం లేకపోతే ఎట్లప్పా?"

 తిట్టడానికి వచ్చినవాడు తిట్టలేకపోయాడు. అన్నేళ్లు అతన్ని నిలబెట్టిన పొగడ్తే ఇప్పుడు అతని మెడ పట్టుకుంది. తను బాగా కడిగినందుకే ఆ పెట్టెలు అమ్ముడుపోయాయి. తనకు పని రాకపోయి ఉంటే ఎవరికీ ఈ తామర అంటేది కాదు.

అంతలో మెట్లెక్కి ఒక పెద్దమనిషి వచ్చాడు. యోగానంద అని కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు. పాత గిరాకీ. అల్లుడికి పుట్టినరోజని, మూడు తలల మిషను కావాలన్నాడు. ధనశేఖర్ మేడ మీదికి వెళ్లి పెట్టె తెచ్చి, ఏమీ జరగనట్టే, రోజూ పిలిచే గొంతుతో పిలిచాడు.

"మునీ, సారుకు ఎట్ల వాడాలో కొంచెం చూపించప్పా."

మునికృష్ణ పెట్టె అందుకున్నాడు. ధనశేఖర్ అతని కళ్లలోకి చూస్తున్నాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. చిన్న అభ్యర్థన ఉంది, ఆసుపత్రి వరండా ఉంది, తినిపించిన క్యారియరు ఉంది. మునికృష్ణ సీలు చించాడు. మిషను తీశాడు. ఎప్పుడూ చేయని పని చేశాడు. గిరాకీ ముందు తల విప్పి వెనక్కి తిప్పాడు.

అది కొత్తదై ఉండాలని ఆ క్షణంలో అతను కోరుకున్నాడు. ఒక్క పెట్టె అయినా నిజంగా కొత్తదైతే, ఇంకా ఏదో మిగిలినట్టు.

ఎర్రటి చుక్కలు. ఒకటి, రెండు, మూడు.

"ఇవేంది బాబూ, కంపెనీ గుర్తులా?" అడిగాడు మాస్టారు.

"కాదు సార్. నేను పెట్టినవి," అన్నాడు మునికృష్ణ. "ఇది ముందొకరు వాడినారు. నేను కడిగినాను. కొత్తది కాదు."

మాస్టారు మునికృష్ణను చూశాడు, ధనశేఖర్‌ను చూశాడు. "పోయినేడు నేను కొన్నది కూడా ఇంతేనా?" అన్నాడు.  ఆయన దవడ ఒకసారి తడుముకుని, చెప్పులేసుకుని దిగిపోయాడు.

ధనశేఖర్ అరవలేదు. విప్పి ఉన్న కత్తులూ జాలీలూ ఏరుకుని, ఏది ముందొస్తే అది బిగించి, తల మూసి, మిషను పెట్టెలో పెట్టాడు. ఒక చుక్క కత్తి మూడు చుక్కల జాలీ కిందికి పోవడం మునికృష్ణ చూశాడు. చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది, సరిచేయడానికి. వెనక్కి తీసుకున్నాడు.

"మీ నాయన మందులకు ఇబ్బందైతే చెప్పు," అన్నాడు ధనశేఖర్ పెట్టె మూస్తూ. "కోపం తగ్గినాక రా."

మునికృష్ణ స్టూలు కింద ఉన్న స్క్రూడ్రైవర్ల సంచి, నూనెడబ్బా తీసుకుని దిగిపోయాడు. వారం రోజులు ఎదురుచూశాడు, ఊళ్లో ఏదో జరుగుతుందని. ఏమీ జరగలేదు. ఆదివారం కొట్టు ముందు గడ్డాలు మామూలుగానే నిలబడ్డాయి. స్టూలు మీద ఇంకెవరో కూర్చున్నారని హేమశ్రీ చూసొచ్చి చెప్పింది. జనానికి మంచిపేరున్న కొట్టు కావాలి. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు.

ఇప్పుడతను రేణిగుంటలో ఒక గోదాములో పార్శిళ్లు ఊరువారీగా సర్దే పనిలో ఉన్నాడు. మిషన్ల పెట్టెలు అతని చేతులమీదుగా పోతుంటాయి. కొన్నిటి మీద వెండిరంగు సీలుంటుంది. విప్పే హక్కు అతనికి లేదు.

నగరికి వెళ్లి నాయనకు చెప్పడానికి అతనికి మూడువారాలు పట్టింది. అప్పటికి పూతమందుతో వలయాలు మానుతున్నాయి. గడ్డం బాగా పెరిగి రాజారత్నం వేరే మనిషిలా ఉన్నాడు. మొలవని చోటు మాత్రం నున్నగా తెలుస్తోంది. కొడుకు చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"సీలు నువ్వే చించినావు గదా," అన్నాడు చివరికి.

"అవును నాయనా."

"తొమ్మిదేండ్లు ఆయప్ప పక్కనే కూసున్నావు. పైకి పోయేటివి సూసినావు. కిందికొచ్చేటివి సూసినావు."  "నీకు తెలీకుండా ఎట్ల జరిగిందప్పా?"

"వాడెందుకు చేస్తాడు అట్ల? మన బిడ్డ గదా," అంది జ్ఞానాంబ లోపలినుంచి.

"నేనేమన్నా అన్నానా వాణ్ని? అడగతా ఉండా," అన్నాడు రాజారత్నం.

 మునికృష్ణకు తెలియదన్నది నిజం. అడగలేదన్నది కూడా నిజం. రెంటిలో ఏది ముందు చెప్పినా రెండోది అబద్ధంలా వినిపిస్తుంది. 

సంచిలోంచి నెలకు సరిపడా మాత్రలు తీసి ఇచ్చాడు. ఎప్పుడూ రాజారత్నం వాటిని చూడను కూడా చూసేవాడు కాదు. కొడుకు చేతిలోంచి తీసుకుని నోట్లో వేసుకుని నీళ్లు తాగేవాడు. ఆ రోజు అట్టను పట్టుకుని అరుగు అంచుకు, వెలుతురులోకి నడిచాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనకున్న రేకును బొటనవేలితో ఒక్కో గుంటమీదా నొక్కి చూశాడు.

"ఇవి యాడ కొన్నావు?"

"ఆసుపత్రి ముందర షాపులో నాయనా. బిల్లుండాది."

రాజారత్నం ఒక మాత్ర అరచేతిలోకి తీసుకుని, అట్టను జ్ఞానాంబకు అందించాడు.

"డేటు సదువు," అన్నాడు.

ఆమె కళ్లద్దాలు వెతుక్కుని, తెచ్చుకుని, అక్షరం అక్షరం చదివేదాకా మాత్ర అరచేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు. మునికృష్ణ అరుగు కింద నిలబడి, నాయన మింగేదాకా చూశాడు.